మూస ముందు బల్ల

ఆ పెద్దావిడ మళ్ళీ వచ్చి బల్ల మీద కూర్చుంది. అమ్మడానికి ఆవిడ దగ్గర ఏమీ లేదు.

తెగిన గొలుసులు, జత పోయిన కమ్మలు, సొట్టపడిన ఉంగరాలు కొని కరిగించే కొట్టు అది. అమ్మినవాళ్ళ కళ్ళెదుటే కరిగించడం అక్కడి పద్ధతి. మూస అనే చిన్న మట్టి గిన్నెలో నగ వేసి, మంట పెట్టి, ముద్దయ్యాక తూస్తారు. అందాకా అమ్మినవాళ్ళు ఎదురుగా ఉన్న బల్ల మీద కూర్చోవాలి.

యజమానిని అందరూ మూస మావయ్య అంటారు. పొద్దస్తమానం మూస ముందే ఉన్నా, ఆయన నోరు మూసింది మాత్రం ఎవరూ చూడలేదు.

"సొమ్ము తెచ్చావా పెద్దమ్మా, సొమ్మసిల్లి వచ్చావా?" అన్నాడు.

కొట్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. అందరూ నవ్వాక ఆవిడా నవ్వింది.

"ట్యూబులైటు," అనుకున్నాడు మావయ్య.

ఆవిడ చేసే పని ఒకటే. అమ్మినవాళ్ళ పక్కకు జరుగుతుంది. మంట వెలగగానే వాళ్ళ చెయ్యి పట్టుకుంటుంది. "ఎవరిదమ్మా ఇది?" అంటుంది.

అంతే, గట్టు తెగినట్టు వాళ్ళు చెప్పుకుపోతారు. ఆవిడ వాళ్ళ ముఖం మీంచి చూపు తిప్పకుండా ఊఁ కొడుతుంది.

ఆ రోజు బల్ల మీద ఒక గుమాస్తా భార్య కూర్చుంది. ఆమె గాజు అప్పటికే మూసలో పడింది.

"మా ఆయనకు ఉద్యోగం పోయింది పెద్దమ్మా. పిల్లలకీ మా మావగారికీ తెలియకూడదని, రోజూ క్యారియరు పట్టుకుని పార్కుకెళ్ళి కూర్చుంటున్నారు."

"ఊఁ."

"ఇంకో పని దొరికేదాకా ఇల్లు నడవాలి కదా. ఈ మాట ఇంకెవరి దగ్గరా అనలేదు. బయటపడితే ఆయన తట్టుకోలేరు."

"ఊఁ."

గాజు కరిగింది. ఆమె కళ్ళు తుడుచుకుని, బరువు దించుకున్న మనిషిలా మెట్లు దిగి వెళ్ళింది.

సాయంత్రం టీ కొట్టు దగ్గర మూస మావయ్య మంచి ఊపు మీదున్నాడు.

"ఇవాళ మా కొట్టుకొచ్చినావిడ మొగుడి సంగతి చెప్తా వినండి. పేరు మాత్రం అడక్కండి. కెరీరు పోయింది, క్యారియరు మిగిలింది. రోజూ పార్కులో డ్యూటీ."

టీ కొట్టు పగలబడి నవ్వింది. ఒకడికి పొలమారింది కూడా.

వారం తిరక్కుండానే గుమాస్తా భార్య మళ్ళీ వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మీ నాన్న పార్కులో ఏ బెంచీకి ఆఫీసరని మా వాణ్ణి బళ్ళో పిల్లలు అడిగారట. వాడొచ్చి ఇంట్లో అడిగాడు. అప్పట్నుంచి ఆయన గది తలుపు తియ్యడం లేదు. తిండి లేదు, మాట లేదు. నేను ఈ బల్ల మీద తప్ప ఎక్కడా నోరు విప్పలేదు షావుకారుగారూ."

మావయ్య చూపు తిన్నగా వెళ్ళి పెద్దావిడ మీద వాలింది.

"వినేదీ నువ్వే, ఊఁ కొట్టేదీ నువ్వే. ఊరంతా టముకు కొట్టేదీ నువ్వేనన్నమాట."

ఆవిడ అతని ముఖంలోకి చూసింది.

"నా కొట్లో బంగారం కరగాలి గాని, పరువులు కరగకూడదు. రేపట్నుంచి ఈ గడప తొక్కొద్దు. వినబడిందా?"

"ఊఁ," అంది ఆవిడ.

అతను వేలెత్తి వీధి చూపించేదాకా కదల్లేదు. చూపించాక లేచి, గుమాస్తా భార్య భుజం మీద చెయ్యి వెయ్యబోయింది. ఆమె పక్కకు తప్పుకుంది.

ఆ తరవాత కొట్టు మునుపటిలా లేదు.

మంట చూడగానే ఒకామె తన గొలుసు వెనక్కి లాక్కుని వెళ్ళిపోయింది. ఒక పెద్దమనిషి బల్ల మీద కూర్చుని, ఎవరితోనూ ఏమీ అనకుండా వెక్కి వెక్కి ఏడ్చాడు. మావయ్య ఎన్ని జోకులు కరిగించి పోసినా ఒక్కరి పెదవీ కదల్లేదు.

"ఆ పెద్దమ్మ లేదా ఇవాళ?" అని అడిగి, గుమ్మంలోంచే వెనక్కి తిరిగేవాళ్ళు ఎక్కువయ్యారు.

ఇక లాభం లేదని, ఒక మధ్యాహ్నం కొట్టు మూసి, ఆవిడ ఇల్లు వెతుక్కుంటూ బయల్దేరాడు. దారి పొడుగునా అనవలసిన మాటలు సరిచూసుకున్నాడు. ఎంతైనా పెద్ద మనసు తనది, ముందు తనే ఒక మెట్టు దిగాలి.

కూతురు తలుపు తీసింది. గదిలో మంచం ఎత్తి గోడకు ఆనించి ఉంది. కింద బట్టలు మూట కట్టి ఉన్నాయి.

"అమ్మ పోయిన నెల పోయిందండీ. మీరు మూస కొట్టు ఆయన కదూ?"

మావయ్య తల ఊపాడు.

"నాన్న మందుల కోసం అమ్మ గొలుసు మీ దగ్గరే కరిగించింది. ఆ పూట బల్ల మీద ఒక్కతే కూర్చుందట. మంట ముందు ఇంకెవరూ అలా ఒంటరిగా కూర్చోకూడదని, నాన్న పోయాక రోజూ మీ కొట్టుకొచ్చేది. చివర్లో ఉన్నట్టుండి మానేసింది. ఏమైందని అడిగితే, కొట్టాయనకు కోపమొచ్చింది, ఎందుకో తెలియలేదు అంది."

"కోపమేం లేదమ్మా. జరిగింది మరిచిపోయానని చెప్పి, మళ్ళీ రమ్మందామనే వచ్చాను."

"ఏం జరిగిందండీ?"

"ఏముందిలే. బల్ల మీద విన్న మాటలు బయట చెప్పింది. పెద్దావిడ కదా, నోరు జారి ఉంటుంది."

కూతురు తల అడ్డంగా ఊపింది.

"నేను కడుపులో ఉండగానే జ్వరమొచ్చి అమ్మకు రెండు చెవులూ పోయాయండీ, నా గొంతు ఎలా ఉంటుందో కూడా తెలియకుండానే వెళ్ళిపోయింది."