పేరు చెప్పని పాఠకుడు

"పేరు చెప్పకుండా, ఫోన్ నంబరు ఇవ్వకుండా కూడా అక్కడ పాఠకులు కామెంటు రాయొచ్చా?" అడిగింది అక్షర.

ల్యాప్‌టాప్‌లో మూడు సైట్లు తెరిచి కూర్చున్న శ్రుతి తల పట్టుకుంది.

"అరగంట నుంచి నీకు కథల యాప్ గురించి చెప్తున్నాను. పోటీలుంటాయి, పేరొస్తుంది, నా సీరియల్‌కే ఇరవై వేల మంది ఉన్నారు. నువ్వడిగేది ఇదా?"

"రాయొచ్చా, చెప్పు."

"యాప్‌లో కుదరదు. నంబరుతో లాగిన్ అవ్వాలి. సొంత బ్లాగు పెట్టుకుంటే కుదురుతుంది గానీ, దాని మొహం ఎవడూ చూడడు. ఇదిగో, ఈ మూడోది. ఎవరో నలుగురు కలిసి నడుపుతున్న చిన్న సైటు. ఎవరైనా వచ్చి చదివి, ఏదో ఒకటి అనేసి పోవచ్చు. మెచ్చుకునేవాళ్ళు తక్కువ, తిట్టేవాళ్ళు ఎక్కువ."

"అందులోనే వేస్తాను."

నోయిడాలో ఇద్దరిదీ ఒకే ఆఫీసు, ఒకే ఫ్లాటు. శ్రుతి మూడేళ్ళుగా ఆన్‌లైన్‌లో సీరియల్స్ రాస్తోంది. అక్షర దగ్గర కూడా ఒక నవల ఉందని ఆమెకు ఆ వారమే తెలిసింది. పేరు "ఉప్పుమడి". చినగంజాం దగ్గర ఉప్పు మళ్ళలో పనిచేసే అనసూయ అనే ఒంటరి ఆడమనిషి కథ. మొదటి భాగం చదివిన శ్రుతి వెంటనే మళ్ళీ మొదటినుంచి చదివింది.

"ఇంత బాగున్నదాన్ని ఆ మూల పడేస్తావా? సరే, పేరైనా మార్చు యార్. ఉప్పుమడి అంటే ఎవడు నొక్కుతాడు? నీకు కూడా మంచి కలం పేరొకటి చూద్దాం."

"రెండూ మారవు. ఉప్పుమడి. రచన, చీరాల అక్షర."

వారానికో భాగం వేయడం మొదలుపెట్టింది. ప్రతి ఆదివారం మెట్రో ఎక్కి, కథ లింకు ముద్రించిన కాగితాలు పట్టుకుని బయల్దేరేది. ఓల్డ్ రాజిందర్ నగర్ రీడింగ్ రూములు, లక్ష్మీ నగర్ హాస్టళ్ళు, కటవారియా సరాయ్ టీ కొట్లు, ఇలా ఢిల్లీలో పోటీ పరీక్షలకు చదివే తెలుగు కుర్రాళ్ళుండే చోట్లన్నీ. ఒకసారి శ్రుతి కూడా వెంట వెళ్ళింది. ప్రతి రీడింగ్ రూములోనూ అక్షర కాగితం అంటించాక గుమ్మం దగ్గరే ఆగిపోయి, పుస్తకాల మీదికి వంగి ఉన్న తలలన్నిటినీ ఒక్కొక్కటిగా చూసేది. ఎవరైనా తలెత్తితే పక్కకు తిరిగేది.

"పాత్రల కోసం వెతుకుతున్నావా?" నవ్వింది శ్రుతి.

అక్షర తరవాతి రీడింగ్ రూము వైపు నడిచింది.

నాలుగో భాగంలో అనసూయ జోరువానలో ఉప్పు తీస్తుంది. పాఠకులు దుమ్మెత్తిపోశారు.

"వానాకాలంలో ఉప్పేంటి? మీది ఆ పక్కే కదా, నీకు తెలీదా? దిద్దెయ్," అంది శ్రుతి.

"ఉండనీ."

తరవాత రెండు భాగాల్లోనూ అలాంటి తప్పులే. అక్షర ఒక్కటీ దిద్దలేదు. ఒక్క కామెంటుకూ జవాబివ్వలేదు. అన్నీ చదివేది, అంతే. ఆఫీసు క్యాబ్‌లో, లిఫ్టులో, స్టవ్ మీద పాలు పొంగుతుంటే కూడా.

ఏడో భాగం కింద పేరు లేని కామెంటు ఒకటి కనిపించింది.

"అనసూయకు ఎడమ చెవి వినపడదు. ఆ సంగతి ఇంకా చెప్పలేదేం?"

శ్రుతి దాన్ని మళ్ళీ చదివింది. ఆ విషయం ఎనిమిదో భాగంలో ఉంది. ఆ భాగం ఇంకా వేయలేదు. అక్షర చూపించగా తను తప్ప ఎవరూ చదవలేదు.

"అక్షరా, నీ ల్యాప్‌టాప్‌లోకి ఎవడో దూరాడు!"

అక్షర గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"ఇంకెవరికైనా పంపావా?"

"లేదు."

"మరెలా తెలిసింది వాడికి? డిలీట్ చెయ్. నవల తీసేసి నా యాప్‌లో పెట్టుకో, అక్కడైతే బ్లాక్ చెయ్యొచ్చు."

"తియ్యను," అంది అక్షర. ఆ గొంతు శ్రుతి ఎప్పుడూ వినలేదు.

ఆ పేరులేనివాడు మళ్ళీ వచ్చాడు. తొమ్మిదో భాగం కింద, "ఆమె పాడే పాటలో రెండో చరణం వదిలేశావు," అన్నాడు. పదకొండో భాగం కింద, "ఆ గుడిసెకు తలుపు లేదు," అన్నాడు. శ్రుతికి భయం పట్టుకుంది. కిటికీ తెరలు పగలు కూడా వేసే ఉంచేది. అక్షర మాత్రం వారానికి రెండేసి భాగాలు వేయసాగింది. అన్నం సరిగా తినడం లేదు.

పదమూడో భాగంలో తుఫాను వచ్చింది. అనసూయ సముద్రంలో కొట్టుకుపోయి చనిపోయింది. సమాప్తం.

"ఇదేం ముగింపు?" శ్రుతికి ఏడుపొచ్చింది. "ఇన్నాళ్ళు బతికించి ఇలా చంపేస్తావా? ఇది అస్సలు అతకలేదు."

"తప్పయితే ఎవరో ఒకరు చెప్తారుగా."

నాలుగు రోజులు ఆ పేరులేనివాడి దగ్గర్నుంచి ఏ కామెంటూ రాలేదు. అక్షర ఆఫీసుకు సెలవు పెట్టి ఫోను ముందే కూర్చుంది. అయిదో రోజు మధ్యాహ్నం తెర వెలిగింది. శ్రుతి ఆమె భుజం మీదుగా వంగి చదివింది.

"చివరి పేజీలు నేనే చింపేశాను. అందుకే నీకు తెలీదు. అనసూయ చావదు. ఒడ్డుకొస్తుంది."

"ఏ పేజీలు? నువ్వు ల్యాప్‌టాప్‌లో కదా రాస్తావు!" శ్రుతి ఆమె భుజం పట్టి కుదిపింది. "పిచ్చివాడెవడో నీ వెంట పడ్డాడు. పద, పోలీసులకు చెప్దాం."

అక్షర వినడం లేదు. దిండు కింద నుంచి చివరి పేజీలు చిరిగిపోయిన పాత నోటుబుక్కు తీసి ఒళ్ళో పెట్టుకుంది, అందులో చేతిరాత ఆమెది కాదు. కళ్ళ నీళ్ళు గడ్డం మీదుగా కారుతున్నాయి. ఇన్ని నెలల్లో మొదటిసారి జవాబు రాసే పెట్టె తెరిచింది. రెండుసార్లు రాసి చెరిపేసింది. మూడోసారి రాసి పంపింది.

"ఎక్కడున్నావురా, తమ్ముడూ?"