ఈ వారం ఆకాశం

"అమ్మాయ్, ఇవాళ పైనేముంది?"

"ఇంకేముంటుంది బాబాయిగారూ, ఆకాశం!"

లాండ్రీ ఆవిడ తడి దుప్పటి దులిపి తీగ మీద వేసింది. పక్క డాబా మీద కుర్చీలో కూర్చున్న పెద్దాయన పకపకా నవ్వాడు.

ఆయనకు చూపు పోయి చాలా కాలమైంది. రోజూ పొద్దున్నే కూతురు ఆయన్ని తెచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టి ఆఫీసుకు పోతుంది. ఈవిడ బట్టలారేయడానికి పైకి రావడమే తరువాయి, ప్రశ్నలు మొదలు.

"మబ్బులున్నాయా?"

"ఉన్నాయి. ఏకిన దూదిలా."

"అడుగెలా ఉంది?"

"ఇస్త్రీ చేసినట్టు చదునుగా."

"అంచులో? కత్తిరించినట్టా, పీచు లేచినట్టా?"

"అబ్బబ్బ, కోర్టులో కూడా ఇన్ని అడగరు!"

విసుక్కునేది గానీ చెప్పేది. పాపం, చూడాలని ఎంత ఉంటుందో అని జాలి. ఒక్కోసారి పని ఆపి మరీ తల పైకెత్తేది.

వాన సంగతికి మాత్రం ఆవిడ నమ్మేది ఒక్కదాన్నే. శుక్రవారం శుక్రవారం వచ్చే ఊరి పత్రికలో, చివరి పేజీలో, 'ఈ వారం ఆకాశం' అని నాలుగు ముక్కలుంటాయి. అదే ఆవిడకు వేదవాక్కు.

"రాసేదెవరో గానీ మహానుభావుడు," అనేది భర్తతో. "ఈకల మబ్బులు, పొలుసుల మబ్బులు అంటూ మనబోటి వాళ్ళకు అర్థమయ్యేట్టు చెప్తాడు."

ఆ వారం పెద్దాసుపత్రి దుప్పట్లు తొలిసారి ఆవిడ చేతికొచ్చాయి. సాయంత్రానికల్లా పొడిగా అందితే ఇక ఆసుపత్రి బట్టలన్నీ వీళ్ళకే. లేదంటే ఎదురు వీధి మిషన్ లాండ్రీకి.

పత్రిక వారమంతా ఎండే అంది. ఆవిడ ధీమాగా డాబా నిండా దుప్పట్లు ఆరేసింది.

"ఇవాళేముందమ్మాయ్?"

"ముద్దొస్తోంది బాబాయిగారూ. చిన్న చిన్న మబ్బులు ఒకే వరసలో ఉన్నాయి. కింద చదును, పైన కోట బురుజుల్లా లేస్తున్నాయి."

ఆయన నవ్వు ఆగిపోయింది.

"పొద్దున్నే బురుజులా? అమ్మాయ్, మధ్యాహ్నం లోపలే అవన్నీ తీసెయ్యి. ఉరుములతో కొడుతుంది వాన."

"పత్రికలో ఎండని రాశారుగా!"

"పత్రిక పొరబడిందమ్మా."

"భలేవారే! అచ్చులో ఉన్నదాన్ని కాదని మీ మాట వినమంటారా? మబ్బెలా ఉందో నన్నడిగి తెలుసుకుని, మళ్ళీ నాకే చెప్తారా?"



భోజనాల వేళకు ఫెళఫెళా ఉరిమింది. ఆవిడ పైకి పరుగెత్తేసరికి దుప్పట్లన్నీ నీళ్ళు కారుతున్నాయి.

నేను చెప్పలేదా అని ఆయన ఒక్క మాటైనా అనలేదు. వానలోనే తడుముకుంటూ పిట్టగోడ దగ్గరికొచ్చి చెయ్యి చాపాడు.

"రెండో కొస ఇటివ్వు, పిండుదాం."

"అక్కర్లేదు! మీ నోరు మంచిది కాదు. వానన్నారు, పడింది!"

మొగుడూ పెళ్ళాలు రెండు ఇస్త్రీ పెట్టెలతో కుస్తీ పట్టి ఎలాగో సాయంత్రానికి ఆరబెట్టారు. "వెచ్చగా ఉన్నాయే!" అని హెడ్ నర్సు మురిసిపోయింది. ఆసుపత్రి పని దక్కింది. ఆవిడ కోపం మాత్రం దిగలేదు. మర్నాటి నుంచి ఆయన ఎంత పిలిచినా విననట్టే ఉండిపోయింది.

శుక్రవారం పత్రిక రాగానే భర్త చదివి వినిపించాడు.

"'పోయిన వారం ఎండన్నాను, వాన పడింది. బట్టలు తడిసినవారు మన్నించాలి.'"

"చూశావా పెద్దమనిషి తరహా! పక్కింటాయనా ఉన్నాడు, ఎందుకు?"

ఆ తర్వాత కుర్చీ ఖాళీ. కూతురికి బదిలీ అయిందట, తండ్రిని తీసుకుని వెళ్ళిపోయింది. ఎవరూ అడగని ఆకాశం ఆవిడకు చప్పగా అనిపించింది. వెళ్ళేముందు ఒక్కసారి పలకరించి ఉండాల్సింది.

ఓ రోజు పత్రిక ఎడిటరు లాండ్రీకి వచ్చాడు.

"చొక్కాలా, ప్యాంట్లా?"

"మబ్బులు కావాలమ్మా. 'ఈ వారం ఆకాశం' రాసే ఆయన ఊరొదిలి వెళ్ళిపోయారు. మీ పక్క డాబా పెద్దాయనే."

ఆవిడ చేతిలో ఇస్త్రీ పెట్టె అలాగే ఆగిపోయింది.

"ఆయనా? ఆయనకు కళ్ళు..."

"కనిపించవు. ఆ సంగతి తెలిస్తే ఎవరు నమ్ముతారని బయటికి చెప్పనివ్వలేదు. కూతురు చేత రాయించి పంపేవారు."

"మరి మబ్బులు?"

"నేనూ అదే అడిగానమ్మా," ఎడిటరు నవ్వాడు. "'నా కళ్ళు పక్క డాబా మీద బట్టలారేస్తుంటాయయ్యా, ఇక మీద నువ్వూ వాటినే అడుగు' అన్నారు."