మూడు ప్రశ్నల మనిషి

ఆదివారం ఆటలో విషం తాగిన చైతన్యకృష్ణ, బుధవారం దర్శి దగ్గర సొంత పత్తిచేలో నోట నురగతో శవమై దొరికాడు.

జేబులో ఇరవై ముఖాల పాచిక ఉంది. దాన్ని పట్టుకుని ఎస్సై గుంటూరు బ్రాడీపేట దాకా వచ్చాడు. చైతన్య స్నేహితులు ఆడుకునే మేడమీద గది చూశాడు. గోడకు ఎక్కడా లేని ఊళ్ల మ్యాపులు. మంచం మీద హైదరాబాదు ఫుట్‌పాత్‌లో కొన్న లావుపాటి ఇంగ్లీషు పుస్తకం. ఒకడు కథ నడిపిస్తుంటే మిగతావాళ్లు అందులో మనుషులై పాచికలు వేస్తూ ఆడే ఆట అది.

"ఈ ఆట నడిపేదెవడు?"

"నేనే సార్," అన్నాడు అష్రఫ్.

"వాడి చేత విషం తాగించిందీ నువ్వేనా?"

అష్రఫ్ గోడమీది మ్యాపులో బావి గుర్తు వంక చూశాడు. ఆటలో ఆ విషపు బావిని పెట్టింది తనే.

చావుకు ఉసిగొల్పాడని కేసు. ఇక కావలసింది ఫిర్యాదు కాగితం మీద చైతన్య తండ్రి వేలిముద్ర ఒక్కటే. పెద్దకర్మ అయ్యాక వేయిస్తానని చెప్పి ఎస్సై వెళ్లిపోయాడు. అప్పటినుంచి అష్రఫ్‌కి కంటిమీద కునుకు లేదు. జైలంటే భయమే. అంతకన్నా పెద్ద భయం ఇంకొకటుంది. ఎస్సై అన్నదే నిజమేమో!

పెద్దకర్మ అయిన మర్నాడు ఆ తండ్రే వచ్చాడు.

యలమందయ్య చెప్పులు బయట విడిచి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అష్రఫంటే నువ్వేనా అబ్బాయ్?"

"నేనే బాబాయ్."

"రేపు పొద్దున స్టేషన్లో వేలిముద్ర వెయ్యమన్నారు. వేసేముందు మావాడు ఆడిన ఆటేందో నేనూ ఆడి చూద్దామని వచ్చా."

వాళ్లతో కలిసి ఆడే వీరాంజనేయులు పక్కనే ఉన్నాడు. అతను అష్రఫ్‌ని కిటికీ దగ్గరికి లాగాడు. "ఒరేయ్, ఆయనకి చదువు రాదు. ఆ పుస్తకం చూసి ఆటకి ఒక మనిషిని తయారుచేసుకోడానికి మనకే పూట పట్టింది. ఏమీ అర్థం కాలేదనుకో, దయ్యాల ఆట అనుకుంటాడు. రేపు నీ పని అయిపోయినట్టే!"

అష్రఫ్ పుస్తకం మూసి మంచం కిందకి తోశాడు. "చైతన్యకి చేసినట్టే చేద్దాం."

మొదటిరోజు ఆ పుస్తకంలో పట్టికలూ లెక్కలూ చూసి చైతన్య లేచి వెళ్లిపోబోయాడు. వాడికోసమే అష్రఫ్ ఓ సులువు కనిపెట్టాడు. మూడంటే మూడు ప్రశ్నలు. నోటితో జవాబు చెబితే చాలు, ఆటలో మీ మనిషి పుట్టినట్టే. ఆ తర్వాత కొత్తగా ఎవరొచ్చినా అదే పద్ధతి.

వీరాంజనేయులు కింద కొట్లోంచి కూల్‌డ్రింకు తెచ్చాడు. యలమందయ్య దానివైపు చూడనైనా లేదు. వృథా ఎందుకని వీరాంజనేయులే సీసా ఎత్తాడు.

"వాసన చూసి తాగరా!"

యలమందయ్య అరుపుకి ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"కొట్లోది బాబాయ్. మూత ఇప్పుడే తీయించా."

బిడ్డ పోయినవాడికి ఏది చూసినా భయమే కాబోలనుకున్నాడు అష్రఫ్.

"మొదటి ప్రశ్న బాబాయ్. ఆటలో మీ మనిషెవరు? రాజు కావచ్చు, దొంగ కావచ్చు, మంత్రగాడు కావచ్చు."

"రైతు."

"కత్తేమన్నా ఇద్దామా ఆయనకి?"

"పత్తిచేలో కత్తెందుకురా? చేనంతా పురుగే తినేసింది."

వీరాంజనేయులు నవ్వబోయి ఆగిపోయాడు.

"రెండోది. మీ మనిషికి ఉన్న బలహీనత ఏంటి? ప్రతివాడికీ ఒకటి ఉండి తీరాలి."

"మావాడేం చెప్పాడు దీనికి?"

వీరాంజనేయులు అందుకున్నాడు.

"దాహం బాబాయ్. అందుకే ఆటలో వద్దురా అంటున్నా వినకుండా ఆ బావి నీళ్లు తాగేశాడు. అసలు వాడు బయటా అంతేగా? ఎవడి చేతిలో సీసా ఉన్నా లాక్కుని గటగటా తాగేసేవాడు. తాగాక అడిగేవాడు, ఏంట్రా ఇది అని."

యలమందయ్య ఒకడుగు ముందుకొచ్చాడు. "ఆటలో చచ్చిపోయాడా?"

"లేదు బాబాయ్," అన్నాడు అష్రఫ్. "పాచిక వేస్తే ఇరవై పడింది. విషం ఎక్కలేదు. ఆటలో ఇంకా బతికే ఉన్నాడు. ఆ పాచిక మీకు చూపిస్తానని గంతులేసుకుంటూ జేబులో వేసుకున్నాడు. చెప్పకుండా ఇంటికెళ్తా, నాన్న ఆశ్చర్యపోవాలి అన్నాడు."

యలమందయ్య గోడకి ఆనుకుని చతికిలబడ్డాడు.

"నా మనిషి పిరికోడు," అన్నాడు. "అది చాలా?"

"చాలు బాబాయ్. ఇక ఆఖరిది. మీ మనిషి ఎవరికీ చెప్పకుండా దాచుకున్నది ఒకటుండాలి. అదేంటి?"

యలమందయ్య తన బొటనవేలి వంక చూసుకున్నాడు. దాన్ని పిడికిట్లో దాచి గట్టిగా బిగించాడు.

"రేపు మీరిద్దరూ నాతో స్టేషనుకి రండి. ఇప్పుడు చెప్పేదే అక్కడా చెబుతా."

"చెప్పండి."

"నేను చద్దామని కూల్‌డ్రింకులో పురుగుల మందు కలిపి గట్టుమీద పెట్టి, ఆఖరిసారి చేను చుట్టి వద్దామని వెళ్లా అబ్బాయ్... తిరిగొచ్చేసరికి మావాడు బస్సు దిగొచ్చి, సీసా ఖాళీ చేసి, 'ఏంటి నాన్నా ఇది?' అని అడిగాడు."