ముప్పైమూడో నంబరు దగ్గర

కంప్యూటర్ల మీద దుమ్ము తుడవాలి. మైకు పనిచేస్తోందో లేదో చూడాలి. పిల్లల బెదురు పోగొట్టాలి. వచ్చే ఏడాది కూడా ఈ క్లాసు ఉంటుందని హెడ్‌మాస్టరమ్మ నోట అనిపించాలి. లేకపోతే ఈ గదిలోకి విరిగిన బెంచీలు వచ్చిపడతాయి.

శనివారాలు వచ్చి జీతం లేకుండా ప్రోగ్రామింగ్ నేర్పే అక్క మొదటి మూడు పనులూ ముగించింది. నాలుగోది ఎదురుగా కుర్చీలో కూర్చుని గడియారం చూసుకుంటోంది.

"కానివ్వమ్మా. అవతల నాకు బోలెడు పనుంది."

పిల్లలు తయారుచేసింది హాజరు ప్రోగ్రామ్. కంప్యూటర్ నంబరు పిలుస్తుంది. మైకులో "ఉన్నాను" అని వినబడితే పచ్చ చుక్క పెడుతుంది. వెంటనే బదులు రాకపోతే ఎర్ర చుక్క పెట్టి ముందుకు పోతుంది.

పచ్చ చుక్కలు గబగబా పడ్డాయి. ముప్పైమూడు దగ్గర కంప్యూటర్ ఆగిపోయింది. ఎర్రా లేదు, పచ్చా లేదు.

"మొరాయించిందా? దీనికన్నా మా రిజిస్టరే నయం," అంది హెడ్‌మాస్టరమ్మ.

అక్క గబుక్కున మీట నొక్కబోయింది.

"ముట్టుకోకక్కా!" అందరూ బుడంకాయ అని పిలిచే పొట్టి పిల్ల చెయ్యి పట్టుకుంది.

"ఆ నంబరుకు గడువు పెట్టడం మరిచారని పొద్దున నేనే సరిచేశాను కదే!"

"మేం మళ్లీ తీసేశాం."

"కొంప ముంచారు!"

"ష్... ఆగక్కా. వస్తోంది."

పిల్లలందరూ ఆఖరి బెంచీ వైపు తిరిగారు. అక్కడొక అమ్మాయి మైకు పట్టుకుని నిలబడింది. మెడ నరాలు బిగుసుకున్నాయి. పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు. ఒక్కరూ నవ్వలేదు. ఒక్కరూ మాట అందించలేదు.

"ఉ... ఉ... ఉన్నాను."

పచ్చ చుక్క పడింది. చప్పట్లతో గది దద్దరిల్లింది.

హెడ్‌మాస్టరమ్మ కళ్లు ఒత్తుకుంది. "బాగుందమ్మా. వచ్చే ఏడాదీ నేర్పు," అంటూ లేచి, వెళ్తూ వెళ్తూ ఆ అమ్మాయి తల నిమిరింది. అంతలోనే చెయ్యి ఆగిపోయింది.

"ముప్పైమూడు నువ్వా? ఏడాదంతా బడి ఎగ్గొట్టావని రిజిస్టరు చూసి నిన్ననేగా నీ పేరు కొట్టేశాను! రోజూ వస్తున్నదానివి, హాజరు పిలిచినప్పుడు ఒక్కసారైనా ఉన్నానని చెప్పొద్దూ?"

"చె... చె... చెబుతూనే ఉన్నాను మేడమ్."

మీరెప్పుడైనా ఎవరినైనా పిలిచి, బదులు రాలేదని ముందుకు పోబోతే, ఈ పిల్లను ఒక్కసారి తలుచుకోండి.