బాపట్లలో క్లోజ్ షేవ్

తెనాలి, బాపట్ల, రేపల్లె మూడూళ్లూ గాలించినా ప్రకాశరావంత ఇంగ్లీషు వచ్చినవాడు దొరకడు. కావాలంటే పందెం.

ఆ పొద్దున రేపల్లెలో ఆయన అన్న సుందరయ్య పోయాడు. తెనాలి నుంచి ప్రకాశరావు వచ్చేసరికి పాడె సిద్ధంగా ఉంది. వదిన హైమావతి సొమ్మసిల్లి లోపల పడుకుంది.

అన్న ఫోను టింగుమంది, మెసేజి. ఎవరో అజయ్ బాబట.

"క్లోజ్ షేవ్ ఎట్ బాపట్ల. ప్లీజ్ వెయిట్ వన్ అవర్. ఐ మస్ట్ సీ హిమ్."

ప్రకాశరావు వాంతి వస్తున్నట్టు మొహం పెట్టాడు.

"ఏంటి బాబాయ్?" అంది పక్కింటి నాగమ్మ.

"ఎవడో బాపట్లలో గడ్డం గీయించుకుంటున్నాడు. దగ్గరగా, నున్నగా. అందాకా శవాన్ని ఆపాలంట!"

"ఛీ ఛీ! చావింటికొచ్చే మొహానికి సోకులా?"

"గంటసేపు గడ్డమేంటే! అడివి పెంచుకున్నాడేమో వెధవ. ఎత్తండయ్యా!"

పాడె లేచింది.

శ్మశానం నుంచి వచ్చి ప్రకాశరావు తల తుడుచుకుంటుంటే గుమ్మం ముందు ఒకాయన బైకు దిగాడు. చొక్కా భుజం దగ్గర చిరిగింది. మోచెయ్యి కొట్టుకుపోయి నెత్తురు కారుతోంది.

"అన్నయ్యని... తీసేశారా అండి?"

"నువ్వేనా అజయ్ బాబువి? అయిందా నాయనా క్షవరం?"

అతను అర్థంకాక చెంప తడుముకున్నాడు. వారం రోజుల గడ్డం.

"అదేనయ్యా, క్లోజ్ షేవ్!"

"అదా అండి! లారీ మీదికొచ్చేసింది. వెంట్రుకవాసిలో తప్పించుకున్నానండి. ఇంగ్లీషులో అట్లాగే అంటారు కదండి. ఆఖరిసారి మొహం చూద్దామని..."



పందెం కాసినవాళ్లుంటే చెప్పండి, ఓడిపోయాను. మూడూళ్లెందుకు, ప్రకాశరావు ఇంగ్లీషు ఆ గుమ్మం కూడా దాటదు.

ఆయనకింకా రోత తగ్గలేదు.

"ఇంతకీ మాకేమవుతావు నువ్వు?"

ఆ మాట విని హైమావతి బయటికొచ్చింది. అతన్ని పట్టుకుని బావురుమంది.

"ఏమవుతాడా మరిదిగారూ? మీ తెనాలి ఆస్పత్రిలో, డయాలసిస్ గదిలో పరిచయం. వాళ్ల నాన్నని తీసుకొచ్చేవాడు. ఆయన పోయాక కూడా రావడం మానలేదు. రెండేళ్లు మీ అన్నని స్టేషన్లో దించుకుని, ఆస్పత్రికి తీసుకెళ్లి, మళ్లీ రైలెక్కించాడు. మీకు ఫోన్ చేస్తే తీరిక లేదన్నారుగా."

కళ్లు తుడుచుకుంది.

"ఆస్పత్రి కాగితాల్లో తమ్ముడు అన్నచోట మీ అన్న రాయించింది ఇతని పేరేనండి."

ప్రకాశరావు సిగ్గుతో తల దించుకున్నాడు.

తల దించుకోవడం ఒక్కటీ నా కల్పన.