బసవపున్నయ్య గారి అభ్యంతరం

“మళ్ళీ భోజనాల వేళకే వచ్చావా తల్లీ?” అన్నాడు లైసెన్సుల గుమాస్తా రామకోటేశ్వరరావు, కాగితాల మీంచి తలెత్తకుండానే.

మణెమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. పొద్దుటి పని తెముల్చుకుని, గవర్నర్‌పేట నుంచి ఎండలో నడిచొచ్చేసరికి ఎప్పుడూ ఈ వేళే అవుతుంది. ఆ సంగతి ఆయనకు చెప్పి ఏం లాభం?

ఆమె అడుగుతున్నది పెద్ద కోరికేం కాదు. సందులో ఓ గది అద్దెకు తీసుకుంది. నలుగురికి అన్నం పెట్టి, ఆ నాలుగు డబ్బులతో బతికే చిన్న మెస్సు. దానికి లైసెన్సు కావాలి.

పొగగొట్టం లేదన్నాడాయన. పెట్టించింది. గచ్చు సిమెంటుది కావాలన్నాడు. చేయించింది. మురుగు కాలవకి మూత అన్నాడు, ఇంటాయన ఒప్పుదల కాగితం అన్నాడు, అంటురోగాలేవీ లేవని డాక్టరు సర్టిఫికెట్ అన్నాడు. అన్నీ తెచ్చింది. లేబరాఫీసులో రిజిస్ట్రేషన్ చేయించింది. అమ్మకం పన్ను ఆఫీసుకి పంపిస్తే, ఇంత చిన్న వ్యాపారానికి పన్నేమిటమ్మా అని వాళ్ళు నవ్వి పంపేశారు. ఆ నవ్వేదో కాగితం మీద రాయించుకు రమ్మన్నాడీయన. అదీ రాయించుకొచ్చింది.

ఒకటో తారీకు లోపల మెస్సు తెరవకపోతే గది సైకిల్ షాపువాళ్ళకి ఇచ్చేస్తానని ఇంటాయన నిన్ననే చెప్పాడు. మొగుడు పోయాక ఆమె తనకంటూ కోరుకున్నది ఆ గది ఒక్కటే.

అటెండరు సొలొమోను గోడవారనున్న స్టూలు ఫ్యాను కిందికి లాగి, కుండలోంచి గ్లాసుడు మంచినీళ్ళు ముంచి తెచ్చాడు. ఆ ఆఫీసులో ఆమెను కూర్చోమన్న మనిషి అతనొక్కడే. ఆ తరవాత క్యారియర్ తెచ్చి గుమాస్తాగారి బల్ల మీద పెట్టి, మణెమ్మ వంక ఒకసారి చూసి తల దించుకున్నాడు.

“భోంచేశాక మాట్లాడదాం,” అన్నాడు రామకోటేశ్వరరావు.

ఒక్కొక్క గిన్నే విప్పాడు. వంకాయ కొత్తిమీర కారం. గోంగూర పచ్చడి. ములక్కాడల పులుసు. మణెమ్మ చూపు ఆ గిన్నెల మీదే ఉంది.

“అట్లా చూడకమ్మా, అరగదు,” అన్నాడాయన.

పక్క బల్లల వాళ్ళు నవ్వారు. మణెమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా చూపు తిప్పుకోలేదు. ఆయన పులుసు కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా చూసింది. ఆయన కళ్ళు మూసుకుని తలూపాడు. అప్పుడు తల తిప్పుకుంది.

“అన్ని కాగితాలూ ఇచ్చాను గదండీ. ఇంకా ఏం తక్కువైంది?”

“తక్కువ కాలేదమ్మా. ఒక కాగితం ఎక్కువొచ్చింది. మీ వీధిలోనే మెస్సు నడిపే బసవపున్నయ్య గారు అభ్యంతరం పెట్టారు.”

“ఏమని?”

రామకోటేశ్వరరావు గోంగూరలో ఉల్లిపాయ ముక్క నంజుకుంటూ నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. తన మటుకు తనకు ఏ పట్టింపులూ లేవట. కాలేజీ రోజుల్లో అందరితో కలిసి తిరిగినవాడట. కానీ వీధిలో జనం సంగతి కూడా ఆఫీసు చూడాలిగదా అన్నాడు.

“బోర్డు మీద నీ పేరు చదివాక, నీ చేతి వంట ఆ వీధిలో ఎవరు తింటారో నువ్వే చెప్పు.”

“తినేవాళ్ళు తింటారండీ. తిననివాళ్ళని నేను పిలిచానా?”

“ఇదిగో, ఈ నోరే వద్దనేది.” ఆయన అన్నంలో పెరుగు వంచుకున్నాడు. “బసవపున్నయ్య గారిని చూడు. ఎంత నిష్ఠ! ఆయన వంటింటి గుమ్మం పరాయి మనిషిని తొక్కనివ్వడు. తనిఖీకని వెళితే నన్నే ఆపేశాడు. మడి వంటండీ, మైలపడుతుందీ అని అడ్డం నిలబడ్డాడు. నేనే దణ్ణం పెట్టి వచ్చేశాను. ఈ క్యారియర్ అక్కణ్ణుంచే. ఏళ్ళ తరబడి తింటున్నా, ఒక్కనాడు కడుపులో నలత లేదు.”

సొలొమోనుకి దగ్గొచ్చింది. వరండాలోకి వెళ్ళి దగ్గి వచ్చాడు.

“ఆయన వంటిల్లు చూడకుండానే లైసెన్సిచ్చారు,” అంది మణెమ్మ. “నా వంటిల్లు గోడలు గీకి మరీ చూశారు. నాకు ఇవ్వరు.”

“ఆయనకీ నీకూ పోలికా?”

మణెమ్మ ఖాళీ అయిన పులుసు గిన్నె వంక చూసింది.

రామకోటేశ్వరరావు చెయ్యి కడుక్కొచ్చాడు. కండువాతో మూతి తుడుచుకుని కలం తీశాడు. ఆమె దరఖాస్తు మీద అడ్డంగా ‘తిరస్కరించడమైనది’ అని రాసి, కింద పొడుగ్గా సంతకం చేసి, దాన్ని ఆమె వైపు తోశాడు. ఇంటాయన కాగితం, డాక్టరు సర్టిఫికెట్, పన్ను ఆఫీసు వాళ్ళ నవ్వూ అన్నీ ఒకే గుండుసూదికి దానితోపాటే వేలాడుతున్నాయి.

మణెమ్మ లేచింది. స్టూలు తీసి మళ్ళీ గోడవార పెట్టింది. కాగితాలు నాలుగు మడతలు పెట్టి, నలుగుతాయన్న చింత లేకుండా బొడ్లో దోపుకుంది.

గుమాస్తాగారు తృప్తిగా త్రేన్చాడు.

“సొలొమోనూ, క్యారియర్ తిరిగి ఇచ్చేటప్పుడు ఆ మడి వంటాయనెవరో ఆయనకి నా దణ్ణం చెప్పు. ఆ చేతిలో అమృతం ఉందను. రేపు కూడా ఈ ములక్కాడల పులుసే పెట్టమను.”

మణెమ్మ చెయ్యి చాచి సొలొమోను చేతిలోని ఖాళీ క్యారియర్ అందుకుని, “చెప్పక్కర్లేదు లెండి, విన్నాను, రేపట్నుంచి ఆ వంటింట్లో నేను వండను,” అంది.