పదిహేను వేల కిలోమీటర్ల పూచీ

"మెల్‌బోర్న్ ఎంత దూరం అబ్బాయ్?" రొట్టె తుంచి ఇస్తూ అడిగాడు ఆ ఇంటి పెద్ద ప్రెంక్.

"తిరానా విమానాశ్రయం నుంచి పదిహేను వేల కిలోమీటర్లు పెద్దాయనా. మధ్యలో విమానం మారాలి. అంతా కలిపి ఒక రోజు."

"అమ్మో! రోజంతా గాల్లోనేనా?"

అల్తిన్‌కు నవ్వు రాలేదు. ముద్ద దిగితేగా! పొద్దున ష్కోద్రా ఊరి బజారులో కారు నిలిపే చోటు కోసం ఎవడితోనో మాటామాటా పెరిగింది. కత్తి దిగింది. వాడి పేరు కూడా తెలియదు. కొండల్లోకి పారిపోయి, కనబడిన మొదటి తలుపు తట్టాడు. "బజారులో మనిషిని పొడిచి చంపాను, కాపాడండి" అన్నాడు.

ఈ కొండల్లో రొట్టె, ఉప్పు పెట్టి లోపలికి పిలిచారంటే ఆ మనిషి ప్రాణానికి ఆ ఇంటివాళ్ళే పూచీ. మెల్‌బోర్న్‌లో పనికి వీసా, ఆ సాయంత్రానికే టికెట్టు అల్తిన్ జేబులో ఉన్నాయి. విమానం ఎక్కితే చాలు, బతికిపోతాడు.

అప్పుడే ఫోన్ మోగింది. ప్రెంక్ లోపలి గదిలోకి వెళ్ళాడు. అక్కడ ఏదో గిన్నె కిందపడిన చప్పుడైంది. ఆయన చాలాసేపటికి గానీ తిరిగి రాలేదు.

"పోలీసులా?" అల్తిన్ లేచి నిలబడ్డాడు.

"కాదులే. మా ఇంటి సంగతి." గ్లాసులో రాకియా సారా పోయబోతే సగం బల్ల మీదే ఒలికింది. "అక్కడ ఎప్పుడు దిగుతావు?"

"ఎల్లుండి తెల్లవారుజామున. ఎందుకు?"

"ఎందుకేమిటి? అతిథి చేరాల్సిన చోటికి చేరేదాకా పూచీ నాదే. బయటికి రాగానే ఫోన్ చెయ్యి. మర్చిపోయేవు సుమా!"

ప్రెంక్ తనే కారు తీశాడు. ఆయన భార్య గుమ్మం దాకా వచ్చింది గానీ అల్తిన్ వైపు కన్నెత్తి చూడలేదు.

కొండ దిగుతుంటే మరో కారు వెంటబడింది. దాటుకొచ్చి రోడ్డుకు అడ్డంగా ఆగింది. తుపాకులతో ఇద్దరు దిగారు. అల్తిన్‌కు పైప్రాణాలు పైనే పోయాయి.

ప్రెంక్ దిగి వాళ్ళకు అడ్డం నిలబడ్డాడు. "ముందు నన్ను కాల్చండ్రా! తర్వాతే వాణ్ణి ముట్టుకోండి!"

వాళ్ళలో ఒకడు ఏడుస్తూనే కారు పక్కకు తీశాడు.

"ఎవరు పెద్దాయనా వాళ్ళు?"

"మా ఊరివాళ్ళే. తొందరెక్కువ వెధవలకి."

విమానాశ్రయం దగ్గర అల్తిన్ కళ్ళు తుడుచుకున్నాడు. "మా నాన్న కూడా నాకింత చెయ్యలేదు." ప్రెంక్ విమానం కంటికి కనబడకుండా పోయేదాకా అక్కడి నుంచి కదల్లేదు.

మెల్‌బోర్న్‌లో బయటి తలుపు దాటగానే అల్తిన్ ఫోన్ చేశాడు. "చేరాను పెద్దాయనా! మీ మేలు చచ్చినా మర్చిపోను."

"హమ్మయ్య, క్షేమంగా చేర్చాను," అన్నాడు ప్రెంక్. "ఇక నువ్వు నా అతిథివి కావు అబ్బాయ్, అక్కడ నీకు ఎదురొస్తున్నవాడు నా పెద్దకొడుకు, బజారులో నువ్వు పొడిచినవాడు నా చిన్నకొడుకు."